విరిగిన చీలమండ... మళ్లీ గట్టెక్కేదెలా?

తొలకరి పడగానే పొలం గట్లు నున్నబడతాయి. ఎరువు బస్తా భుజాన వేసుకుని నడుస్తుంటే కాలు సర్రున జారుతుంది. పాదం లోపలికి మడతపడి ఒంటి బరువంతా దాని మీద పడుతుంది. బావి మెట్లు దిగేటప్పుడు, ట్రాక్టరు మీది నుంచి దూకేటప్పుడు, మోటారు సైకిలు కాలి మీద పడినప్పుడు కూడా చీలమండకు దెబ్బ తగులుతుంది. రెండెకరాలో మూడెకరాలో సొంత రెక్కల మీద చేసుకునే రైతుకు ఇది చిన్న దెబ్బ కాదు. నెల రోజులు మంచం పడితే అదను దాటిపోతుంది. ఆ భయంతోనే కొందరు కట్టు విప్పీ విప్పకముందే మడిలోకి దిగుతారు. ఒక పంట కోసం తొందరపడి, జీవితాంతం కుంటాల్సిన పరిస్థితి తెచ్చుకుంటారు. ఎముక అతకడానికి ఎంత కాలం పడుతుందో, ఏ దశలో ఏం చేయాలో తెలిస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

బెణికిందా, విరిగిందా?

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లోపలి వైపుది లావు, బయటి వైపుది సన్నం. వీటి కింది కొసలే చీలమండకు రెండు పక్కలా గుబ్బల్లా చేతికి తగులుతాయి. పాదంలోని ఒక ఎముక ఈ రెండు గుబ్బల మధ్య, గాడిలో చెక్క ఇమిడినట్టు ఇమిడి ఉంటుంది. ఆ గాడి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా కీలు సమంగా ఆనదు. తర్వాత తర్వాత అరిగిపోయి నొప్పి పెడుతుంది.

వాపును చూసి బెణుకో, విరగడమో చెప్పలేం. కెనడాలోని ఒటావా నగర వైద్యులు 1992లో ఇందుకు ఒక తేలిక పద్ధతి చెప్పారు. నేటికీ దాన్ని ప్రపంచమంతా పాటిస్తున్నారు. గుబ్బల వెనక అంచున గానీ, కింది కొసన గానీ వేలితో నొక్కితే ఎముక మీదే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలినప్పుడూ ఆస్పత్రికి వెళ్లాకా కూడా నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. షుగరు జబ్బుతో పాదాలు మొద్దుబారిన వారికి నొప్పి సరిగా తెలియదు. వారు అనుమానం ఉంటే చాలు, ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం బస్సెక్కేవారు నేటికీ ఉన్నారు. ఎవరి నమ్మకం వారిది. అయితే ఎక్కడికి వెళ్లినా ముందు ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరుకు చూపించండి. ఎముక జరగకుండా చీరుకుపోయి ఉంటే సిమెంటు కట్టుతోనే అతుకుతుంది. గాడి చెదిరి ఉంటే చాలాసార్లు ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేయాల్సి వస్తుంది. ఆ పని పైపై కట్టుతో అయ్యేది కాదు.

పడిన వెంటనే

- కాలి మీద బరువు వేయకండి. పడిన చోటి నుంచి ఇద్దరు మోసుకురావాలి.
- మెట్టెలు, పట్టీలు, కడియాలు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవి రావు, రక్తాన్ని ఆపేస్తాయి.
- రెండు పక్కలా చెక్కలో, మందపాటి అట్టలో పెట్టి, మోకాలి కింది నుంచి పాదం దాకా కదలకుండా వదులుగా కట్టండి. ఏమీ దొరక్కపోతే దిండు చుట్టి కట్టినా సరిపోతుంది.
- కాలు ఎత్తున పెట్టండి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట సేపు ఉంచవచ్చు.
- తైలం పోసి మర్దనా చేయకూడదు. వంకర పోయిందని లాగకూడదు.
- చర్మం చిట్లి ఎముక కనిపిస్తుంటే పసుపు, కాఫీ పొడి, మట్టి వంటివి పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కు ఫోన్ చేయండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా తినడానికి ఏమీ పెట్టకండి.

కార్తెల లెక్కన కాలం

ఒక కార్తె అంటే ఇంచుమించు రెండు వారాలు. మృగశిర నడిమధ్యలో కాలు విరిగిందనుకోండి. ఆరుద్ర దాకా వాపు తగ్గించుకోవడమే పని. ఆపరేషన్ జరిగితే కుట్లు విప్పేదీ అప్పుడే. మూడు కార్తెలు గడిచి పుష్యమి వచ్చేసరికి, అంటే ఆరు వారాలకు, చాలామందికి ఎముక కొంత అతుక్కుంటుంది. ఎక్స్‌రే చూసి డాక్టరు కట్టు విప్పుతారు. ఆరు కార్తెలు గడిచి పుబ్బ వచ్చేసరికి, అంటే పన్నెండు వారాలకు, ఎముక సాధారణంగా గట్టిపడుతుంది. మెట్ట నేల మీద తేలికపాటి పనులు అప్పుడే. బురదలో పని, బరువులు మోయడం హస్త, చిత్త కార్తెల ముందు ఆలోచించకూడదు. కాలు మునుపటిలా అనిపించడానికి సంక్రాంతి కావచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు.

ఇది సగటు లెక్క. దెబ్బను బట్టి కొందరిని ముందే కాలు మోపమంటారు, కొందరిని ఆగమంటారు. షుగరు ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఎంత బరువు, ఎప్పుడు వేయాలన్నది మీ ఎక్స్‌రే చూసిన డాక్టరు మాటే. ఊళ్లో ఇంకొకరు నెలకే నడిచారని మీరూ నడవకండి.

కట్టులో ఉన్నప్పుడు

మొదటి పది రోజులు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. పడుకుని పాదం కింద రెండు దిండ్లు పెట్టుకుంటే సరి. కుర్చీలో కూర్చుని కాలు వేలాడేస్తే వాపు దిగదు. వేళ్లను గంటకోసారి పది పన్నెండు సార్లు ఆడించండి. మోకాలు వంచి చాచండి. కాలు నిటారుగా జానెడు ఎత్తి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఇవి చేయకపోతే తొడ కండ కరిగిపోయి, కట్టు విప్పాక నిలబడే సత్తువ ఉండదు.

కట్టు తడవకూడదు. దురద పెడుతోందని పుల్లలు దూర్చకండి. లోపల పుండు పడినా బయటికి తెలియదు.

వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కాలు ఎత్తున పెట్టినా నొప్పి అంతకంతకూ పెరుగుతున్నా ఆ రాత్రికి ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కట్టులోంచి వాసన, చీము, జ్వరం కూడా ప్రమాద గుర్తులే. పిక్క గట్టిపడి నొప్పెడుతుంటే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వస్తే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే 108 పిలవండి.

చంక కర్రల వాడకం

కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బరువు చేతుల మీద పడాలి, చంకల మీద కాదు. చంకల మీద వాలితే నరాలు నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. కర్రల అడుగున రబ్బరు బిరడాలు అరిగితే మార్చండి. కళ్లాపి చల్లిన వాకిట్లో, స్నానాల గదిలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. రెండోసారి పడేది ఇక్కడే.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, దెబ్బ తగిలిన కాలు ముందు. 'ఎక్కేది మంచిది, దిగేది దెబ్బది' అని గుర్తు పెట్టుకోండి. పెద్ద వయసు వారికి చంక కర్రల కంటే వాకర్ నయం.

కట్టు విప్పాక...

కట్టు విప్పగానే కాలు చూసి చాలామంది బెంబేలెత్తిపోతారు. పిక్క సన్నబడి, చర్మం పొలుసులు లేచి, పాదం చెక్కలా బిగిసి ఉంటుంది. ఇది మామూలే. గోరువెచ్చని నీళ్లతో కడిగి కొబ్బరి నూనె రాయండి. బలవంతంగా పాదం వంచమని ఎవరికీ అప్పగించకండి. కీలు మీరే ఆడించుకోవాలి.

మొదటి రెండు వారాలు: మంచం మీద కాలు చాచి, పాదాన్ని ముందుకీ వెనక్కీ ఆడించండి. బొటనవేలితో గాల్లో 'అ' నుంచి 'అః' దాకా దిద్దండి. కండువాను అరికాలి కింద వేసి రెండు కొసలు చేత్తో పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి, ప్రాణం పోయేంత నొప్పి రాకూడదు. నేల మీద చింతగింజలు పోసి కాలి వేళ్లతో ఏరండి. ఒక్కోటి పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు చేస్తే చాలు.

బరువు మోపడం: డాక్టరు 'కొంచెం బరువు వేయి' అంటే ఎంతో తెలియక ఇబ్బంది పడతారు. మందుల షాపులోని బరువు తూచే మిషను ఇందుకు పనికొస్తుంది. దెబ్బ కాలు మిషను మీద, మంచి కాలు అంతే ఎత్తున్న ఇటుక మీద పెట్టి, కర్రల మీద ఆనుకుని నిలబడండి. పది కిలోలు అంటే పది కిలోలు పడేదాకా నొక్కి చూడండి. నాలుగైదు సార్లు చేస్తే ఆ ఒత్తిడి కాలికే తెలిసిపోతుంది. ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి.

నడక: ముందు మడమ ఆనాలి, తర్వాత పాదం, చివరకు వేళ్లతో నేలను వెనక్కి నెట్టాలి. అడుగులు చిన్నవైనా ఫర్వాలేదు, రెండు కాళ్లవీ సమానంగా పడాలి. రెండు కర్రలతో కుంటకుండా నడవగలిగాకే ఒక కర్రకు మారండి. ఆ ఒక్క కర్ర దెబ్బ తగలని వైపు చేతిలో ఉండాలి. చాలామంది దెబ్బ వైపే పట్టుకుంటారు, అది తప్పు. కర్ర వదిలి కుంటడం కంటే కర్రతో సరిగా నడవడమే మేలు. కుంటు అలవాటైతే నడుము, మోకాలు కూడా పట్టేస్తాయి. ఈ దశలో హవాయి చెప్పులు వద్దు. మడమను పట్టి ఉంచే బూట్లు, వాపుకు సరిపడా కాస్త వదులైనవి వేసుకోండి.

తర్వాత: గోడ పట్టుకుని రెండు మడమలూ ఎత్తి దించండి. అది తేలికయ్యాక ఒక్క కాలి మీద చేయండి. ఒంటి కాలి మీద అర నిమిషం తూలకుండా నిలబడటం సాధన చేయండి. గట్టు మీద నడవాలంటే బలం కంటే ఈ నిలకడే ముఖ్యం.

నొప్పికి ఒకే కొలత. ఈ రోజు చేసిన పనికి సాయంత్రం కాస్త వాచినా తెల్లారేసరికి దిగితే ఫర్వాలేదు. తెల్లారినా వాపు, నొప్పి అలాగే ఉంటే ఎక్కువ చేశారన్నమాట. మర్నాడు తగ్గించండి. సాయంత్రం పూట వాపు కొన్ని నెలల పాటు ఉంటుంది, కంగారు పడొద్దు.

గొంతుక్కూర్చోవడం ఆఖరున

కలుపు తీయడానికీ, పాలు పితకడానికీ, దొడ్డికి వెళ్లడానికీ మనం గొంతుక్కూర్చుంటాం. దీనికి చీలమండ పూర్తిగా వంగాలి. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే కదలిక ఇదే. అప్పటిదాకా మధ్యలో కన్నం చేసిన కుర్చీ వాడండి. పాలు పితకడానికి పొట్టి పీట వేసుకోండి. మంచం కోడు పట్టుకుని రోజూ కొంచెం కొంచెం వంగుతూ సాధన చేస్తే క్రమేణా వస్తుంది.

ట్రాక్టరు క్లచ్చి ఎడమ కాలిది, బ్రేకు కుడి కాలిది. ఏ కాలు విరిగినా, దాన్ని నొప్పి లేకుండా గట్టిగా అదిమి తొక్కగలిగేదాకా నడపకూడదు. దమ్ము చేసిన మడి పాదాన్ని పట్టి లాగుతుంది, లోపల నేల ఎలా ఉందో తెలియదు. అందుకే అన్ని పనులకంటే ఆఖరున బురదలోకి దిగాలి.

తిండి సంగతి

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని కొన్ని ఇళ్లలో పెట్టరు. ఇది సరికాదు. ఎముక అతకడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపలు ధారాళంగా పెట్టండి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. రాగి జావ, నువ్వులు, మునగాకు మన దగ్గరే దొరుకుతాయి. రోజూ కొంతసేపు ఎండలో కూర్చోండి. బీడీ, చుట్ట మానేయాలి. పొగాకు ఎముక అతకడాన్ని, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఖర్చు, పంట

ఆపరేషన్ అవసరమంటే అప్పు చేసే ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మీ దెబ్బకు వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని మిత్రను అడగండి. కార్డులు వెంట తీసుకెళ్లండి. ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

కాలు విరిగిన వారంలోనే ఇంట్లో అందరూ కూర్చుని ఆ సీజను పని లెక్క వేసుకోండి. ఏ పనికి కూలీలు కావాలి, ఏది బదులు పని కింద చేయించుకోవచ్చు, ఏ మడి కౌలుకో పాలుకో ఇవ్వవచ్చు అని తేల్చుకోండి. ఈ సాయం అడగడానికి మొహమాటపడొద్దు. రేపు వారికి అవసరమైనప్పుడు మీరూ చేస్తారు. విత్తనం శుభ్రం చేయడం, కూరగాయలు ఏరి గ్రేడింగ్ చేయడం, లెక్కలు రాయడం వంటి కూర్చుని చేసే పనులు మీరు పెట్టుకోండి.

ఒక ఖరీఫ్ కొంత దెబ్బతిన్నా రబీలో కూడదీసుకోవచ్చు. అతకని కాలితో మాత్రం ఏ పంటా సాగదు. కార్తెలు లెక్కపెట్టుకుని ఓపిక పట్టండి. గట్టు ఎక్కడికీ పోదు.