మూలపడ్డ బ్యాటరీలో రైతు సొమ్ము
ఛార్జింగులో శ్రద్ధ ఉంటేనే సీసానికి పెట్టిన ధర గిట్టుబాటు

విడపనకల్లు: మిరప ధర గుంటూరులో ఎంత, బ్యాడగిలో ఎంత అని రోజూ వాకబు చేసే రైతు తన ఇంటి మూలనున్న మరొక సరుకు ధరను అంతగా పట్టించుకోడు. ఆ సరుకు సీసం. మందు కొట్టే ఛార్జింగ్ పంపులోను, ట్రాక్టరులోను, ఇన్వర్టరు పక్కనున్న పెట్టెలోను అది బ్యాటరీ రూపంలో ఉన్నది. కొనేటప్పుడు కొత్త బ్యాటరీ ధర చెల్లిస్తాడు, వదిలించుకునేటప్పుడు తుక్కు ధర పుచ్చుకుంటాడు. ఈ రెంటి మధ్య నష్టం ఎంత అన్నది బ్యాటరీ ఎన్నేళ్లు పనిచేసింది అన్నదానిపై ఆధారపడుతుంది. ఆ ఏళ్లను తగ్గించేది చాలాసార్లు మార్కెట్టు కాదు, ఛార్జింగులో అశ్రద్ధ.

సీసం గిరాకీ బ్యాటరీలదే

ప్రపంచంలో వినియోగమయ్యే సీసంలో 80 శాతానికి పైగా బ్యాటరీలకే పోతున్నది. 1877లో ఏర్పడిన లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో 25 టన్నుల లాట్ల చొప్పున సీసం బేరాలు సాగుతాయి. మన దేశంలో ముంబైలోని ఎంసీఎక్స్‌లో కిలోకు ఇంత అని ధర పలుకుతుంది. పూర్వపు గుంటూరు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో సీసపు ఖనిజాన్ని కొంతకాలం తవ్వారు. దేశంలోని ముఖ్యమైన గనులు మాత్రం రాజస్థాన్‌లో ఉన్నవి. అయితే నేడు గని కంటే పాత బ్యాటరీయే పెద్ద వనరు. ప్రపంచంలో శుద్ధి అయ్యే సీసంలో సగానికి పైగా తుక్కును కరిగించి తీసినదే. కనుకనే పనికిరాని బ్యాటరీకి కూడా తూకం లెక్కన ధర వస్తున్నది.

ఏడాదికి ఎంత పడింది?

ఒక లెక్క చూడవచ్చు. ఇన్వర్టరు బ్యాటరీని 15,000 రూపాయలకు కొని, చివరకు తుక్కు కింద 4,000 రూపాయలకు అమ్మారనుకుందాం. అసలు ఖర్చు 11,000 రూపాయలు. బ్యాటరీ రెండేళ్లకే పోతే ఏడాదికి 5,500 రూపాయలు పడినట్లు. ఐదేళ్లు వస్తే 2,200 మాత్రమే. సీసం ధర పెరిగి తుక్కుకు మరో 500 రూపాయలు ఎక్కువ వచ్చినా ఈ తేడాను పూడ్చలేదు. రైతు చేతిలో లేనిది సీసం ధర, చేతిలో ఉన్నది బ్యాటరీ ఆయుష్షు.

గుంతకల్లుకు, బళ్లారికి నడుమనున్న ఈ నల్లరేగడి ప్రాంతంలో మిరప సాగుచేసే రైతుకు ఈ లెక్క మరింత ముఖ్యం. 2021లో నల్ల తామరపురుగు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అటువంటి పురుగు పడినప్పుడు మందు కొట్టవలసిన రోజున పంపు సగం ట్యాంకుకే ఆగిపోతే పోయేది బ్యాటరీ ఖరీదు ఒక్కటే కాదు.

ఒక పనికి ఒక బ్యాటరీ

ట్రాక్టరు బ్యాటరీ పని కొద్ది సెకన్లదే. ఇంజనును లేపడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తుంది, తరువాత ఇంజనే దానిని తిరిగి నింపుతుంది. అందుకు తగినట్లు దానిలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. ఇన్వర్టరు బ్యాటరీ గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వాలి కనుక దాని ప్లేట్లు మందం. విదేశాల్లో సరస్సులపై చేపల వేటకు పోయేవారు పడవకు చిన్న విద్యుత్ మోటారు బిగించుకుంటారు. దానికీ ఈ రెండవ తరహా బ్యాటరీనే వాడతారు. ట్రాక్టరు బ్యాటరీని తెచ్చి రాత్రంతా లైట్లకు, ఫ్యానుకు పెడితే అది ఎక్కువ కాలం నిలవదు. ఏ తరహాదైనా సగానికి మించి ఖాళీ చేయకపోవడం మేలు.

ఖాళీగా పెడితే గట్టిపడుతుంది

బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ ప్లేట్లపై సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే అది కరిగిపోతుంది. రోజుల తరబడి వదిలేస్తే గట్టి పలుకులుగా మారి మరి కరగదు. ఆ మేరకు బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా పోయినట్లే. కనుక మందు కొట్టడం పూర్తయిన సాయంత్రమే పంపును ఛార్జింగుకు పెట్టాలి, మర్నాటికి వాయిదా వేయరాదు. పంట కాలం ముగిశాక పూర్తిగా ఛార్జి చేసి, వేడి తగలని చోట ఉంచి, రెండు మూడు నెలలకొకసారి మళ్లీ నింపాలి.

ఛార్జింగు కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు ఉంటే క్షేమం. 8 ఆంపియర్ అవర్ పంపు బ్యాటరీకి ఒక ఆంపియర్ ఛార్జరు పెడితే సుమారు పది గంటలు పడుతుంది. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ, ఛార్జరు తీసి కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టులకు పైగా చూపాలి. 12 వోల్టులు చూపినదంటే అది దాదాపు ఖాళీ అయినట్లే. కొత్త పంపులు కొన్ని లిథియం బ్యాటరీతో వస్తున్నవి. వాటికి సీసపు బ్యాటరీ ఛార్జరును తగిలించరాదు.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని అంచనా. వేసవిలో 40 డిగ్రీలు దాటే అనంతపురం జిల్లాలో రేకుల కప్పు కింద పెట్టిన బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

బోరు నీరు పనికిరాదు

మూతలున్న బ్యాటరీలో ఛార్జింగు సమయాన నీరు హైడ్రోజను, ఆక్సిజనుగా విడిపోయి తగ్గుతుంది. ఆ లోటును డిస్టిల్డ్ వాటరుతోనే పూరించాలి. ఈ జిల్లా బోరు నీటిలో లవణాలు ఎక్కువ. వాటిలోని క్లోరైడు, ఇనుము ప్లేట్లను తినివేస్తాయి. సీసా ధరకు వెనుకాడి చెంబుడు బోరు నీరు పోస్తే వేల రూపాయల సరుకు పాడవుతుంది. ప్లేట్లు మునిగి ఉన్నంతవరకు ఛార్జింగు పూర్తయ్యాకే నీరు పోయాలి. యాసిడ్ ఎన్నడూ కలపరాదు. గాలిలో హైడ్రోజను 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది కనుక, ఛార్జింగు గదికి గాలి ఆడాలి. అక్కడ బీడీ, దీపం ఉండరాదు.

తుక్కు అమ్మకంలో జాగ్రత్త

పాత బ్యాటరీల సేకరణకు 2001లో వచ్చిన నిబంధనల స్థానంలో 2022 ఆగస్టులో కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం పాత సరుకును వెనక్కు సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులపై ఉన్నది. కొత్తది కొనే దుకాణంలోనే పాతదానిని ఇచ్చి ధర తగ్గించుకోవడం రైతుకు సులువైన మార్గం. తూకం యాసిడ్‌తోనా, యాసిడ్ తీసిన తరువాతనా అన్నది ముందే తేల్చుకోవాలి. రేటులో ఆ రెంటికీ తేడా ఉంటుంది. యాసిడ్‌ను పెరట్లో ఒంపడం, పొయ్యి మీద సీసం కరిగించడం ఎంతమాత్రం తగదు. సీసపు పొగ, ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఆ నష్టాన్ని ఇంటికి తెచ్చుకోవడం ఏ లెక్కలోనూ గిట్టుబాటు కాదు.

మిరపకు తొలి మందు కొట్టకముందే పంపు బ్యాటరీని పరీక్షించుకోవడం మంచిది. పురుగు పడిన తరువాత దుకాణానికి పరుగెత్తేవాడికి ధర బేరమాడే వ్యవధి ఉండదు.