మురళీ నాయక్: జెండా ఒకటే, వందనం ఒకటే.. మరి పెన్షన్ ఎందుకు రాదు?

కల్లి తండా.. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలో చిన్న ఊరు. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలోనే ఉండేది. వానలు మొహం చాటేస్తే ఇక్కడ వేరుశనగ చేను ఎండిపోతుంది. చేసేది లేక జనం బెంగళూరు, ముంబైకి కూలి పనులకు వెళ్తారు. మురళీ నాయక్ తల్లిదండ్రులు కూడా అలా ముంబై వెళ్లినవాళ్లే. ఆయన వాళ్లకు ఒక్కగానొక్క కొడుకు.

2025 మే 9.. ఆపరేషన్ సిందూర్ సమయంలో జమ్ముకశ్మీర్ నియంత్రణ రేఖ వద్ద పాక్ కాల్పుల్లో మురళీ నాయక్ వీరమరణం పొందారు. మరుసటి రోజు సాయంత్రమే కాల్పుల విరమణ! మే 11న సొంతూరిలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్, మంత్రి నారా లోకేశ్ హాజరయ్యారు.

అయితే మురళీ నాయక్ రెగ్యులర్ జవాన్ కాదు.. అగ్నివీర్. ఈ ఒక్క మాటతో ఏం మారిపోతుందో చూద్దాం.

అగ్నివీర్ అంటే?
2022 జూన్‌లో కేంద్రం అగ్నిపథ్ స్కీమ్ ప్రకటించింది. సర్వీస్ నాలుగేళ్లు. ఆ తర్వాత 25 శాతం మంది వరకే రెగ్యులర్ సర్వీస్‌లోకి తీసుకుంటారు. జీతం మొదటి ఏడాది నెలకు రూ.30 వేలు, నాలుగో ఏడాది రూ.40 వేలు. అందులో 30 శాతం సేవా నిధికి కట్ అవుతుంది. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది.

విధుల్లో ప్రాణం పోతే?
రూ.48 లక్షల బీమా.. దీనికి అగ్నివీర్ జీతంలోంచి ప్రీమియం కట్టక్కర్లేదు. రూ.44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీస్ కాలానికి జీతం, సేవా నిధి కూడా ఇస్తారు. మురళీ నాయక్ కుటుంబానికి ఏపీ ప్రభుత్వం వేరుగా రూ.50 లక్షలు, 5 ఎకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది.

మరి తేడా ఎక్కడ?
యుద్ధంలో చనిపోయిన రెగ్యులర్ జవాన్ కుటుంబానికి నెలనెలా లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. పెళ్లి కాని జవాన్ అయితే తల్లిదండ్రులూ పెన్షన్‌కు అర్హులే. అగ్నివీర్ కుటుంబానికి మాత్రం ఈ పెన్షన్ లేదు. వచ్చేదంతా ఒక్కసారి ఇచ్చే సొమ్మే.

ఇచ్చింది తక్కువేం కాదు కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ నెలనెలా వచ్చే పెన్షన్ వేరు, ఒకేసారి చేతికొచ్చే డబ్బు వేరు. కరువు సీమలో వయసు మీద పడే తల్లిదండ్రులకు కొడుకు జీతమే భరోసా. ఆ భరోసా పోయాక నెల తిరిగేసరికి వచ్చే డబ్బుకు విలువెంతో వాళ్లకే తెలుసు.

ఇదే ప్రశ్నతో మురళీ నాయక్ తల్లి బాంబే హైకోర్టు తలుపు తట్టారు. రెగ్యులర్ సైనికుల కుటుంబాలతో సమానంగా పెన్షన్, ఇతర ప్రయోజనాలు ఇవ్వాలన్నది ఆమె కోరిక.

సరిహద్దులో వచ్చిన తూటా.. ఇతను నాలుగేళ్ల జవానా, పదిహేనేళ్ల జవానా అని అడగలేదు. ఇక తేల్చాల్సింది చట్టమే.