కాఫీస్క్రిప్ట్‌లో శ్రేణి ఖండాల అనువాదం: ఒక పరిశీలన

1. ప్రవేశిక:
జెరెమీ అష్కెనాస్ 2009లో రూపొందించిన కాఫీస్క్రిప్ట్‌ను బ్రౌజరు నేరుగా అమలు చేయదు. కంపైలర్ దానిని జావాస్క్రిప్ట్‌లోకి అనువదిస్తుంది. నడిచేది ఆ అనువాదమే. అరే అని పిలిచే విలువల శ్రేణి నుంచి కొంత భాగాన్ని తీసుకొనేటప్పుడు ఈ అనువాదం ఎలా సాగుతుందో, ప్రోగ్రామరు ఎక్కడ జాగ్రత్త వహించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. రెండు చుక్కలు, మూడు చుక్కలు:
శ్రేణి పేరు పక్కన [0..2] అని రాస్తే 0 నుంచి 2 వరకు, 2వ స్థానంతో సహా, అంశాలు లభిస్తాయి. [0...2] అని రాస్తే 2వ స్థానం చేరదు. జావాస్క్రిప్ట్‌లో ఈ పని చేసే స్లైస్ అనే ఫంక్షన్ ముగింపు స్థానాన్ని ఎన్నడూ కలుపుకోదు. కనుక మూడు చుక్కల రూపంలో హద్దులు యథాతథంగా వెళ్తాయి. రెండు చుక్కల రూపంలో కంపైలర్ ముగింపుకు 1 కలుపుతుంది, [0..2] అన్నప్పుడు స్లైస్‌కు 0, 3 అందుతాయి.

3. రుణసంఖ్యతో చిక్కు:
స్లైస్ రుణసంఖ్యలను చివరి నుంచి లెక్కిస్తుంది. -1 చివరి అంశం. ఆ లెక్కన [0..-1] మొత్తం శ్రేణిని ఇవ్వాలి. కానీ -1కి 1 కలిపితే 0 వస్తుంది, ఫలితం ఖాళీ శ్రేణి అవుతుంది. -1 అని నేరుగా రాసి ఉంటే కంపైలర్ ముగింపు హద్దునే వదిలివేస్తుంది. ముగింపు స్థానంలో చలరాశి ఉంటే దాని విలువ అనువాద సమయానికి తెలియదు. అందువల్ల, 1 కలిపిన ఫలితం 0 అయితే 900 కోట్లను హద్దుగా తీసుకొమ్మనే షరతును చేరుస్తుంది. జావాస్క్రిప్ట్ శ్రేణి గరిష్ఠ పొడవు సుమారు 429 కోట్లే కనుక ఆ హద్దు ఏ శ్రేణికైనా సరిపోతుంది.

4. షరతు పరిధి:
అయితే జావాస్క్రిప్ట్‌లోని ‘లేదా’ గుర్తు 0ను మాత్రమే కాక, సంఖ్య కాని ఫలితాన్ని కూడా అసత్యంగానే పరిగణిస్తుంది. ముగింపు విలువ అందకపోయినా, అంకెలకు బదులు అక్షరాలు అందినా హద్దు 900 కోట్లే అవుతుంది. దోషసందేశం రాదు. మొదటి పది పేర్లు మాత్రమే చూపవలసిన చోట జాబితా అంతా బయటపడవచ్చు. అదే అక్షరాలు మూడు చుక్కల రూపంలో అందితే ఖాళీ శ్రేణి వస్తుంది. అంటే ఒకే లోపం ఒక చుక్క తేడాతో రెండు విరుద్ధ ఫలితాలను ఇస్తుంది.

5. ముగింపు:
మూలంలో ఒక చుక్కగా కనిపించేది అనువాదంలో ఒక కూడిక, ఒక షరతు. కనుక చలరాశిని హద్దుగా వాడేముందు అది సంఖ్యేనని నిర్ధారించుకోవడం, కంపైలర్ ఇచ్చిన జావాస్క్రిప్ట్‌ను ఒకసారి చదవడం అవసరం.