హారం ఏది? ఫిల్టర్ పెట్టిన చార్టుల్లో మన దామాషా

దామాషా అన్నది మనకు కొత్త మాటేమీ కాదు. జనాభాలో ఎంతమందిమో చదువులో, కొలువులో, భూమిలో, బడ్జెట్‌లో అంత వాటా రావాలని అడుగుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆ వాటాల లెక్కలు పవర్ బీఐ వంటి రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగురంగుల చార్టులుగా వస్తున్నాయి. మన కార్యకర్తలూ వాటిని తయారు చేస్తున్నారు. కంప్యూటర్ భాగహారంలో పొరబడదు, నిజమే. కానీ దేన్ని దేంతో భాగించాలన్నది చెప్పాల్సింది మనం. మనం చెప్పకపోతే అదే ఒక హారాన్ని ఎంచుకుంటుంది. చిక్కంతా అక్కడే.

ఒక్క అంకె తీసుకుందాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు 1,38,78,078 మంది. రాష్ట్ర జనాభా 8,45,80,777తో భాగిస్తే 16.4 శాతం. దేశంలోని మొత్తం ఎస్సీలతో, అంటే సుమారు 20.14 కోట్లతో భాగిస్తే 6.9 శాతం. దేశ జనాభా 121 కోట్లతో భాగిస్తే 1.1 శాతం. మనుషులు వాళ్లే, శాతాలు మూడు. మూడూ సరైనవే, కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం. పట్టికలో మూడు నిలువు వరసలు ఉన్నాయనుకోండి: రాష్ట్రం, సముదాయం (ఎస్సీ, ఎస్టీ, ఇతరులు), జనాభా. 'మొత్తం' అనే అడ్డు వరస అందులో ఉండకూడదు, ఉంటే జనాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. రాష్ట్రాల వారీగా బార్ చార్టు గీసి, విలువను 'పర్సెంట్ ఆఫ్ గ్రాండ్ టోటల్'గా చూపమని, స్లైసర్‌లో 'ఎస్సీ' నొక్కుతాం. పంజాబ్ దగ్గర 4.4 శాతం, ఉత్తరప్రదేశ్ దగ్గర 20.5 శాతం కనిపిస్తాయి. చూసినవాడు పంజాబ్‌లో దళితులు నూటికి నలుగురే అనుకుంటాడు. నిజానికి అక్కడ దాదాపు 32 మంది, దేశంలోకెల్లా ఎక్కువ దామాషా. జరిగిందేమిటంటే, ఫిల్టర్ లవాన్ని మాత్రమే కాదు, హారాన్ని కూడా జల్లెడ పట్టింది. ఎస్సీలు కానివాళ్లంతా లెక్కలోంచి జారిపోయారు. చార్టు చూపింది దేశంలోని ఎస్సీలలో పంజాబ్ వాటా. మనం అడిగింది పంజాబ్ జనాభాలో ఎస్సీల వాటా.

దీనికి మందు ఉంది. శాతాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా మనమే ఒక 'మెజర్' రాసుకోవాలి. లవం: జనాభా మొత్తం. హారం: 'కాలిక్యులేట్' ఫంక్షన్ లోపల అదే మొత్తం, దానితోపాటు సముదాయం వరస మీద 'రిమూవ్ ఫిల్టర్స్'. రెంటినీ 'డివైడ్'తో భాగించాలి. అప్పుడు స్లైసర్‌లో ఎస్సీ నొక్కినా హారంలో రాష్ట్రం జనాభా అంతా ఉంటుంది, పంజాబ్ దగ్గర 31.9 వస్తుంది. 'ఆల్ సెలెక్టెడ్' అన్న ఫంక్షన్ వేరు. అది స్లైసర్‌లో మనం ఎంచుకున్నదాన్ని అలాగే ఉంచి, చార్టు తనలో తాను చేసుకున్న విభజనను మాత్రమే తీసేస్తుంది. కొన్ని జిల్లాలనే ఎంచుకుని వాటి మొత్తంలో ఒక్కో జిల్లా వాటా తెలుసుకోవడానికి అది పనికొస్తుంది.

ఫార్ములా రాయడం రానివాళ్లకు ఇంకో దారి ఉంది. ఒక చార్టులోని బార్‌ను నొక్కితే పక్క చార్టు రెండు రకాలుగా స్పందించగలదు. 'ఫిల్టర్' అయితే మిగతాదంతా మాయమవుతుంది. 'హైలైట్' అయితే మొత్తం లేతరంగులో నిలబడి, ఎంచుకున్న భాగం ముదురుగా కనిపిస్తుంది. 'ఎడిట్ ఇంటరాక్షన్స్'లో హైలైట్‌నే ఎంచుకోండి, హారం కళ్లెదుటే ఉంటుంది.

ఇది లెక్కల మాస్టార్ల చాదస్తం కాదు. ఎస్సీలకు జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. ఒక పద్దు కింద 100 రూపాయలు కేటాయించి, 40 విడుదల చేసి, 36 ఖర్చు పెట్టారనుకుందాం. విడుదలైన డబ్బునే హారంగా పెట్టుకుంటే ఖర్చు 90 శాతం, భేషైన పని! కేటాయింపును హారం చేస్తే 36 శాతం. ఏ చార్టు గోడకెక్కుతుందో చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ దాకా రాకముందే పడిన ఫిల్టర్లూ ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు మాత్రం జనగణన ఎస్సీ అంకెలో లేరు. పైన చెప్పిన 16.4 శాతంలోనూ లేరు. ఆ ఫిల్టర్‌ను ఏ ఫంక్షనూ తీయలేదు.

అందుకని మనం గీసే ప్రతి చార్టు శీర్షికలో హారాన్ని రాద్దాం. 'ఎస్సీల శాతం' అని వదిలేయకుండా 'రాష్ట్ర జనాభాలో ఎస్సీల శాతం' అనాలి. ఎవరైనా మనకు చార్టు చూపితే అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే: ఇది దేనిలో శాతం?