రక్తనాళాల సడలింపు: ఔషధాల చర్య

ఆంజైనా నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకుంటే కొద్ది నిమిషాల్లోనే ఉపశమనం కలుగుతుంది. లండన్ వైద్యుడు విలియం మరెల్ 1879లోనే ఈ విషయాన్ని ప్రచురించాడు. అయితే ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలియడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

రక్తనాళపు గోడలో నునుపు కండరం ఉంటుంది. దాని లోపలివైపు ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర ఉంటుంది. ఈ పొరను చాలాకాలం ఉత్త అస్తరుగానే భావించారు. రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కలపై ఎసిటైల్ కోలిన్ వేసినప్పుడు కొన్ని సడలాయి, కొన్ని సడలలేదు. సడలని వాటిలో, ముక్కలు తయారుచేసేటప్పుడు జరిగిన రాపిడికి ఎండోథీలియం ఊడిపోయిందని ఆయన గుర్తించాడు. తరగతిలో ఈ ప్రయోగం దగ్గర నేను ఎప్పుడూ కాస్త ఎక్కువసేపే ఆగేవాణ్ణి. చేతిపని లోపమనుకుని వదిలేయగలిగిన తేడాను ఆయన వదల్లేదు. 1980లో వెలువడిన ఈ ఫలితం, కండరాన్ని సడలించే పదార్థం ఆ పొర నుంచే వస్తుందని తెలిపింది. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తరువాత తేలింది.

ఈ వాయువు కండరకణంలో గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. దాంతో సైక్లిక్ జీఎంపీ పెరిగి, కణంలో కాల్షియం తగ్గి, కండరం సడలుతుంది.

మనుషుల్లో ఏం జరుగుతుంది? 1986లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోగుల కరోనరీ ధమనుల్లోకి ఎసిటైల్ కోలిన్ ఎక్కించారు. ఆరోగ్యంగా ఉన్న ధమనులు వ్యాకోచించాయి. కొవ్వు పేరుకున్నవి సంకోచించాయి. నైట్రోగ్లిజరిన్‌కు మాత్రం జబ్బుపడిన ధమనులు కూడా చాలావరకు వ్యాకోచించాయి. కారణం స్పష్టమే: ఎసిటైల్ కోలిన్‌కు ఎండోథీలియం సాయం కావాలి. నైట్రోగ్లిజరిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ కండరకణంలోనే విడుదలవుతుంది.

ఈ మందు కరోనరీ ధమనులను మాత్రమే విప్పుతుందని చాలామంది విద్యార్థులు రాస్తారు. అది సరికాదు. ఇది ముఖ్యంగా సిరలను సడలిస్తుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, దాని శ్రమ తగ్గుతుంది. రక్తపోటు కూడా పడిపోతుంది కనుక మాత్రను కూర్చునే వేసుకోవాలి.

సైక్లిక్ జీఎంపీని విచ్ఛిన్నం చేసే ఎంజైమును సిల్డెనాఫిల్ అడ్డుకుంటుంది. అంటే ఒక మందు సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది, రెండోది తగ్గనివ్వదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల లోపు నైట్రేట్లు ఇవ్వకూడదు. టాడలాఫిల్ అయితే 48 గంటలు. ఈ మందుల సంగతి రోగి సిగ్గుపడి చెప్పడు. మనమే అడగాలి.