మాంసం తినడం తప్పా?



"మేం కోసుకొని తింటాం. మీకేంది?" అంటుంది ఒకామె. "అయ్యో! నోరు లేని జీవం. పాపం గదా!" అంటుంది ఇంకొకామె. మేడ్చల్‌లోనైనా, శామీర్‌పేటలోనైనా ఒకే గల్లీలో ఈ రెండు మాటలూ వినబడతాయి. ఇందులో ఏ మాట నిజం? మనమే కొంచెం ఆలోచిద్దాం.

ఎవరేం తింటారు?

తెలంగాణలో మాంసం తినేవాళ్లే ఎక్కువ. 2014లో సర్కారు లెక్క తీసింది. 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది తింటారని తేలింది.

ఆషాఢంలో బోనాలు వస్తాయి. పోచమ్మకు, ఎల్లమ్మకు, మైసమ్మకు కోడినో, యాటనో కోస్తారు. ఆ కూర చుట్టాలందరికీ పెడతారు. గుడి దగ్గర బలి ఇవ్వరాదని 1950 నాటి చట్టం ఉంది. అయినా ఆచారం సాగుతూనే ఉంది.

బక్రీదుకు ముస్లింలు ఖుర్బానీ ఇస్తారు. ఆ మాంసాన్ని మూడు పాళ్లు చేస్తారు. ఒక పాలు ఇంటికి. ఒక పాలు చుట్టాలకు, స్నేహితులకు. ఒక పాలు బీదవాళ్లకు. వాళ్లు పందిని మాత్రం ముట్టరు.

చాలామంది హిందువులు ఆవును తినరు. ఆవును కోయరాదని 1977లో చట్టం కూడా వచ్చింది. పెద్దకూర తరతరాల తిండి అయినవాళ్లూ మన ఊళ్లలో ఉన్నారు. కరువు రోజుల్లో ఆ కూరే వాళ్ల ప్రాణం నిలిపింది. కానీ ఆ తిండి పేరు చెప్పి లోకం వాళ్లను తక్కువ చేసింది. ఇది న్యాయమా?

మన దగ్గర బ్రాహ్మణులు మాంసం తినరు. బెంగాల్‌లో బ్రాహ్మణులు చేపలు తింటారు. జైనులు మాంసం, గుడ్డు ముట్టరు. చాలామంది ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కూడా తినరు. గడ్డను తవ్వితే మట్టిలోని పురుగులు చస్తాయని వాళ్ల బాధ. ఆలేరు దగ్గర కొలనుపాకలో వాళ్ల పాత గుడి ఉంది.

చూశారా? ఒకరికి పండుగ కూర, ఇంకొకరికి పాపం. ఊరు మారితే, మతం మారితే తిండీ మారుతుంది.

రాజుగారి వంటిల్లు

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. అశోకుడు సుమారు 2,250 ఏళ్ల కింద ఏలిన రాజు. ఆయన తన మాటలను బండల మీద చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ బండలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో తన వంటింటి సంగతి చెప్పాడు. వెనుక రోజూ లక్షల జీవాలను కోసేవారట. తర్వాత రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే కోస్తున్నారట. ఇక ముందు అవి కూడా కోయబోమని రాయించాడు. అంత పెద్ద రాజు కూడా ఒక్కరోజులో మానలేదు. తగ్గించుకుంటూ వచ్చాడు.

కోడి సంగతి కూడా చూద్దాం

వెనుక మన వాకిట్లో కోడి తిరిగేది. పురుగో, గింజో ఏరుకొని తినేది. గంప కింద పడుకునేది. ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాలు వచ్చాయి. గుడ్ల ఫారాల్లో చాలాచోట్ల కోడి ఇనుప జాలీలోనే బతుకుతుంది. రెక్కలు చాపే చోటుండదు. ఆ ఫారాలతోనే గుడ్డు బీదవాళ్లకు అందింది. ఎంతోమందికి కూలి దొరికింది. అది కూడా నిజమే.

కోళ్లను తలకిందులుగా కట్టి బండి మీద తీసుకుపోతారు. మేకలను ఆటోలో కుక్కుతారు. 1960లో జంతువుల హింసను ఆపే చట్టం వచ్చింది. జీవాలను బాధపెడుతూ తీసుకుపోవడం దాని ప్రకారం నేరం. తినడానికి కోసినా సరే, అనవసరంగా బాధ పెట్టరాదు.

ఎవరి పళ్లెంలో ఎన్ని తునకలు?

ఇంకొక మాట. ఇంట్లో కూర వండేది మనమే. మొదట మగవాళ్లకు పెడతాం. తర్వాత పిల్లలకు. మనకు మిగిలేది పులుసు. జీవం ప్రాణం పోయింది. దాని బలం మాత్రం ఇంట్లో సగం మందికి అందలేదు. ఇది కూడా ధర్మం సంగతే.

2019-21లో దేశమంతా ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. గర్భిణులకు, బాలింతలకు గుడ్డు పెట్టాలని 2015లోనే ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. ఆ గుడ్డు మన కోసం ఇచ్చింది. ఇంటికి తెచ్చి మగవాళ్లకు పెట్టకండి.

కొందరు "గుడ్డులో పిల్ల ఉంటుంది" అని భయపడతారు. గుడ్ల ఫారాల్లో పుంజు ఉండదు. ఆ గుడ్డును పొదిగినా పిల్ల కాదు.

గుడ్డు, మాంసం తినని అక్కలూ దిగులు పడొద్దు. పప్పు, తోటకూర, మునగాకు, రాగులు, పాలు, పెరుగు తినండి. ఆకుకూర అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ తాగకండి.

మరి ఏది తప్పు?

తినేవాళ్లంతా పాపులు కారు. తిననివాళ్లంతా పుణ్యాత్ములు కారు. మాంసం ముట్టకుండా కోడలిని కొట్టేవాళ్లు లేరా? ఒక్క ముద్ద కూడా తినకుండా కూర ఆకలిగొన్నవాళ్లకు పెట్టేవాళ్లు లేరా?

తిండి చూసి మనిషిని తక్కువ చేయడం తప్పు. బలవంతంగా తినిపించడం తప్పు. బలవంతంగా మాన్పించడం తప్పు. జీవాన్ని బాధపెట్టి చంపడం తప్పు. వండి పారబోయడం తప్పు. ఈ మాటలు తినేవాళ్లూ, తిననివాళ్లూ కలిసి ఒప్పుకోవచ్చు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో కూర ఎవరికి ముందు పెడతారు? ఎవరికి చివర?
2. "మాంసం తినేవాళ్లకు ఇల్లు కిరాయికి ఇవ్వం" అంటే మీరేమంటారు?
3. మీ ఊరి సంతలో కోళ్లను, మేకలను ఎట్లా తెస్తున్నారు? మీరేం చేయగలరు?