పాత స్పోర్ట్స్ కారులో ముందుగా పాడయ్యేది

1989లో నిస్సాన్ కంపెనీ జపాన్‌లో స్కైలైన్ జీటీ-ఆర్ అనే కారును విడుదల చేసింది. కార్ల ప్రియులు దాన్ని ఆర్32 అంటారు. 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, దానికి రెండు టర్బోలు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే కంప్యూటరు ఉన్న ఈ కారు జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో పాల్గొన్న 29 రేసుల్లోనూ గెలిచింది. అమెరికాలో 1988 నాటి చట్టం వల్ల, అక్కడి భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారు కాని విదేశీ కారును దిగుమతి చేసుకోవాలంటే దానికి 25 ఏళ్లు నిండాలి. ఆ లెక్కన తొలి ఆర్32 కార్లకు 2014లో తలుపులు తెరుచుకున్నాయి, వాటి వారసుడైన ఆర్34కు 2024లో. 2009 నాటి ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ చిత్రంలో పాల్ వాకర్ నడిపిన ఆర్34 ఒకటి 2023లో వేలానికి వస్తే 13.57 లక్షల డాలర్లు పలికింది. సినిమా పేరు ధరను పెంచిందన్న మాట నిజమే. అయినా 1990ల నాటి వేగపు కార్లు అపురూప వస్తువుల వరుసలోకి చేరాయనడంలో సందేహం లేదు. వీటిని కొనేవాళ్లు ఇంజను బలం చూస్తారు, ఎన్ని తయారయ్యాయో చూస్తారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తారు. మరో ముప్పై ఏళ్లకు ఏ కారు బతికి ఉంటుందో తేల్చేవి మాత్రం ఈ మూడూ కావు. ఆ కారు ఎలా పనిచేస్తుందన్న సమాచారం ఎవరి దగ్గరైనా మిగిలి ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

ఈ మాట అర్థం కావాలంటే ఇంకా పాత కార్ల సంగతి చూడాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. దాని వయసు వందేళ్లు దాటింది. అందులో ఏ భాగమైనా చేత్తో పట్టుకుని చూడొచ్చు, వెర్నియర్‌తో కొలవొచ్చు. అరిగిన బేరింగును చూస్తే దాని అసలు కొలత తెలుస్తుంది, విరిగిన పళ్ల చక్రంలో మిగిలిన పళ్లు పోయిన పళ్ల లెక్క చెబుతాయి. మంచి లేతు మిషను, పోత పోసే మనిషి, ఓపిక గల మెకానిక్కు ఉంటే దాన్ని తిప్పవచ్చు. 1960ల నాటి ఫెరారీ 250 జీటీఓ సంగతీ అంతే. అవి తయారైనవి 36 మాత్రమే. 2018లో ఒకటి 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అరవై ఏళ్లు గడిచినా ఆ కార్లు రేసుల్లో తిరుగుతున్నాయంటే కారణం డబ్బు ఒక్కటే కాదు. ఆ కార్లలో విరిగిన ప్రతి ముక్కా తన నమూనాను తనలోనే దాచుకుంది. కార్బొరేటరు జెట్టులో రంధ్రం ఎంత ఉందో అంతే దాని రహస్యం.

1990ల కారుకు వచ్చేసరికి ఆ రహస్యం కొంత కంటికి కనబడని చోటికి వెళ్లిపోయింది. పెట్రోలు ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు వేయాలి అన్నవి ఈసీయూ అనే చిన్న పెట్టెలోని అంకెల పట్టిక నిర్ణయిస్తుంది. ఆర్32లోనైతే మలుపులో ముందు చక్రాలకు ఎంత శక్తి వెళ్లాలో, వెనక చక్రాలు ఎంత పక్కకు తిరగాలో కూడా సెన్సర్ల మాట విని కంప్యూటర్లే చెబుతాయి. ఆ పెట్టెల్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. పలచని అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో నానిన కాగితం పెట్టి, చుట్టచుట్టి, చిన్న డబ్బాలో దూర్చి, కింద రబ్బరు బిరడా బిగిస్తే అదే కెపాసిటరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం రబ్బరు గుండా మెల్లగా ఆవిరైపోతుంది, లేదా కారుతుంది. కారిన ద్రవం సర్క్యూట్ బోర్డు మీది సన్నని రాగి గీతలను తినేస్తుంది. 1990ల తొలినాళ్ల మిత్సుబిషి ఎక్లిప్స్ కార్ల ఈసీయూలు ఇలా పాడైపోవడం ఆ కార్ల మెకానిక్కులందరికీ తెలిసిన విషయమే. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటరు ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అంటే ఇది రసాయన చర్య నడిచే వేగం, కాలంతో ముడిపడిన సంగతి. కిలోమీటర్ల మీటరుకు దీనితో సంబంధం తక్కువ. తక్కువ తిరిగిన కారని ఎక్కువ ధర పెట్టి కొని గ్యారేజీలో కప్పి ఉంచినా, ఆ కెపాసిటరు ముసలిదవుతూనే ఉంటుంది. వాడకుండా దాచిన కారు చెడదన్న నమ్మకం ఈ తరం కార్ల విషయంలో సగమే నిజం.

కెపాసిటరునైతే మార్చుకోవచ్చు. అలాంటివి ఇప్పటికీ బజారులో దొరుకుతాయి, సోల్డరింగ్ చేయి తిరిగిన వాడు గంటలో పని ముగిస్తాడు. దాని పక్కనే ఉన్న చిప్పుతోనే కష్టం. కార్ల కంపెనీ కోసమే ప్రత్యేకంగా చేసిన ప్రాసెసరు అయితే దాని తయారీ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అంకెల పట్టిక ఈప్రామ్ అనే మెమరీ చిప్పులో ఉంటే, అది విద్యుదావేశం రూపంలో చిక్కుకుని ఉంటుంది. ఆ ఆవేశం దశాబ్దాల కాలంలో కొద్దికొద్దిగా జారిపోగలదు. ఒక్క బిట్టు తారుమారైనా ఇంజను ఏ మూలో తప్పు పని చేయవచ్చు. పాడైన చిప్పును భూతద్దం కింద పెట్టి ఎంత చూసినా, అందులో ఏ అంకె ఉండేదో తెలియదు. విరిగిన పళ్ల చక్రానికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

ప్లాస్టిక్కు, రబ్బరు, వైరింగు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పోర్షే ఫ్యాక్టరీ సాయంతో తయారైన మెర్సిడెస్ 500ఈ లాంటి మేటి కారులో సైతం, 1990ల తొలి సగంలో వాడిన ఇంజను వైరింగు తొడుగు వేడికి పొడిపొడిగా రాలిపోయింది. డాష్‌బోర్డు ప్లాస్టిక్కులోని మెత్తదనం ఇచ్చే పదార్థం ఎగిరిపోయి పగుళ్లు వస్తాయి. మన దేశంలో ఇప్పుడు అమ్ముతున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, తేమను పీల్చుకుంటుంది. ఇవన్నీ ఇబ్బందులే గాని, వీటిని కొలిచి చేయించుకోవచ్చు. గొట్టం మళ్లీ గొట్టమే.

ఈ సమస్య ఎంత పెద్దదో మెక్‌లారెన్ ఎఫ్1 చూపించింది. 1992 నుంచి 1998 దాకా 106 మాత్రమే తయారైన ఈ కారు ఒకప్పుడు అమ్మకానికి తయారైన కార్లలో ప్రపంచంలోనే అత్యంత వేగం గలది. దాని ఈసీయూతో మాట్లాడడానికి 1990ల నాటి కాంపాక్ ఎల్‌టీఈ 5280 ల్యాప్‌టాప్ కావలసి వచ్చింది. ఎందుకంటే అందుకు కావలసిన ప్రత్యేకమైన కార్డు దానిలో మాత్రమే పనిచేసేది. కోట్ల విలువైన కార్లకు సర్వీసు చేయడానికి కంపెనీ తన పాత ల్యాప్‌టాపులను భద్రంగా కాపాడుకుంటోందన్న వార్త 2016లో వచ్చింది. బీఎండబ్ల్యూ చేసిన ఆ 6.1 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజనును మళ్లీ బోరింగ్ చేసేవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. ఆ ల్యాప్‌టాపు పోతే దాని స్థానంలో ఏం పెట్టాలో తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బజారు వైపు నుంచి వస్తుంది. ధర పెరిగితే భాగాలు వాటంతట అవే పుట్టుకొస్తాయంటారు. ఇందులో చాలా నిజం ఉంది. నిస్సాన్ 2017 డిసెంబరులో ఆర్32 కోసం పాత భాగాలను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టింది, ఆ తొలి జాబితాలో వైరింగు కూడా ఉంది. తరవాత ఆర్33, ఆర్34 చేరాయి. టొయోటా సుప్రా పాత తరాలకు ఇదే పని చేసింది. మాజ్డా అయితే తన తొలి తరం రోడ్‌స్టర్ కోసం బ్రిడ్జ్‌స్టోన్ చేత పాత నమూనా టైర్లనే మళ్లీ చేయించింది. ఈ కంపెనీలను అభినందించాలి. ఒక్కటి మాత్రం గమనించాలి: నిస్సాన్ దాదాపు 44,000 ఆర్32 జీటీ-ఆర్‌లు తయారు చేసింది, మాజ్డా రోడ్‌స్టర్లు లక్షల్లో ఉన్నాయి. ఇంతమంది యజమానులుంటేనే అచ్చు మళ్లీ పోయించడం గిట్టుబాటవుతుంది. అంటే ఎక్కువగా తయారైన కారే ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంది, అరుదైన కారుకు ఆ భరోసా లేదు. కలెక్టర్లు ఇప్పటిదాకా నమ్ముకున్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. పైగా, ఏ భాగం మళ్లీ చేయాలో ఎంచుకునేది కంపెనీయే. డోర్ హ్యాండిల్ ఎవరైనా చేయగలరు. ఈసీయూ ప్రోగ్రామును మాత్రం కంపెనీ దాచుకుంటే ఉంది, పారేస్తే లేదు.

రెండో అభ్యంతరం త్రీడీ ప్రింటింగు. పోర్షే 959 కార్లు మూడు వందల లోపే తయారయ్యాయి. ఆ కారు క్లచ్ లివరు నిలువలు అయిపోతే, పోర్షే 2018 నాటికే ఉక్కు పొడిని లేజరుతో కరిగించి పొరలు పొరలుగా పేర్చి ఆ లివరును మళ్లీ చేసి చూపించింది. అచ్చు అక్కర్లేదు, వంద కాదు ఒక్కటే చేసినా పర్వాలేదు. అరుదైన కార్లకు ఇది పెద్ద వరం. త్రీడీ ప్రింటింగు ఆకారాన్ని మళ్లీ ఇవ్వగలదు, అంకెల పట్టికను ఇవ్వలేదు. లివరు కొలతలు లివరులోనే ఉన్నాయి. ఇంజను ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు ఎంత పెట్రోలు పోయాలన్నది లోహంలో ఎక్కడా రాసి లేదు.

మూడో అభ్యంతరం బలమైనది. పాత ఈసీయూ తీసేసి, బజారులో దొరికే కొత్తది పెట్టి, ఇంజనును డైనమోమీటరు మీద మళ్లీ ట్యూన్ చేస్తే సరిపోదా? సరిపోతుంది, కారు నడుస్తుంది. కొన్నిసార్లు ముందుకంటే బాగా నడుస్తుంది. నేను దీన్ని తప్పుపట్టను, చెత్తలోకి పోవడం కంటే అదే మేలు. కాని పాత వేగపు కారు స్వభావంలో ఎక్కువ భాగం ఆ అంకెల్లోనే ఉంది: టర్బో ఎక్కడ అందుకుంటుంది, యాక్సిలరేటరు తొక్కితే ఎంత ఆలస్యంగా స్పందిస్తుంది, మలుపులో ముందు చక్రాలు ఎప్పుడు లాగుతాయి. వాటిని మార్చేస్తే ఒంటి మీద పాత రంగున్న కొత్త కారు మిగులుతుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ట్యూరిన్ చార్టర్ పేరుతో ఒప్పుకున్న సూత్రాల సారం కూడా ఇదే: మార్పు చేయక తప్పకపోతే వెనక్కి తీసుకునేలా చేయాలి, చేసింది రాసిపెట్టాలి. ముందు పాత చిప్పులోని అంకెలను చదివి భద్రపరిచి, ఆ తరవాత కొత్త పెట్టె పెడితే ఎవరికీ నష్టం లేదు. చాలామంది ఆ మొదటి పని చేయకుండా పాత పెట్టెను పారేస్తున్నారు.

ఆ అంకెలను చదవడానికి చట్టం కూడా ఒప్పుకోవాలి. అమెరికాలో కాపీరైటు చట్టం తాళం వేసిన సాఫ్ట్‌వేరును తెరవడాన్ని నిషేధిస్తుంది. 2015లో అక్కడి అధికారులు సొంత వాహనాన్ని బాగు చేసుకోవడానికి మినహాయింపు ఇచ్చారు, తరవాత దాన్ని పొడిగిస్తూ వస్తున్నారు. ఇది 1990ల కార్లకు పెద్ద అవసరం కాదు, వాటికి తాళాలు తక్కువ. 2010 తరవాతి చాలా కార్లలో తాళం చెవి నుంచి గేర్‌బాక్సు దాకా భాగాలు ఒకదాన్నొకటి సంకేతంతో గుర్తుపడతాయి, కొన్ని కొత్త భాగాలు కంపెనీ సర్వరు ఒప్పుకుంటే గాని పనిచేయవు. ఆ సర్వరు ఆగిన రోజున, ఎంత గొప్ప కారైనా దాని మరమ్మతు కూడా ఆగుతుంది. అందువల్ల నా అంచనా ఇది: 1990ల కార్లే పూర్తిగా పునరుద్ధరించగల ఆఖరి తరం కావచ్చు. ఆ తరంలోనూ విడిభాగాలు నలుగురూ పంచుకునే, ఎలక్ట్రానిక్సు తేలిగ్గా ఉన్న, మరమ్మతు పుస్తకాలు దొరికే కార్లే నిలుస్తాయి.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనమే వింటేజి కింద వస్తుంది, దానికి వీఏ అనే ప్రత్యేక నంబరు ఇస్తారు. సాధారణ కారు రిజిస్ట్రేషను మాత్రం 15 ఏళ్లకే ముగిసి, ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాల్సి వస్తుంది. మధ్యలో ఉన్న 35 ఏళ్లలో కారు ఏ గుర్తింపూ లేని పాత సామాను. కెపాసిటర్లు కారేది, చిప్పులు మాయమయ్యేది సరిగ్గా ఆ కాలంలోనే. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో మన రోడ్ల మీద తిరిగిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, ఫియట్ పాలియో 1.6 లాంటి వేగపు కార్లకు ఆ వింటేజి గౌరవం 2050ల దాకా దక్కదు. కాలుష్యం తగ్గించాలన్న ఉద్దేశంతో పాత కార్లను తుక్కుకు పంపడం అవసరమే, ఏటా కొద్ది వందల కిలోమీటర్లు తిరిగే కారును మాత్రం రోజూ ఆఫీసుకు తిరిగే కారుతో ఒకే గాటన కట్టనక్కర్లేదు. ఫివా 30 ఏళ్లకే చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. మన ప్రభుత్వమూ ఆ వయసునే తీసుకుని, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టి నమోదు చేస్తే బాగుంటుంది. ఇంట్లో అలాంటి కారు ఉన్నవాళ్లు ఇంజను విప్పించే ముందు ఒక పని చేయండి. దాని ఈసీయూలోని అంకెలను నేడే చదివించి, వైరింగు పటంతో పాటు రెండు చోట్ల భద్రపరచండి.